ప్రశ్న నడిచిన దారి: వర్ధమాన దేశాల యువ వ్యవసాయ పరిశోధకులకు దూర మార్గదర్శకత్వ చరిత్ర

వ్యవసాయ పరిశోధనలో కొత్తగా అడుగుపెట్టిన శాస్త్రవేత్తకు విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుంది గాని, ఆ వృత్తిలో నిత్యం ఎదురయ్యే చిక్కులను విప్పుకొనే నేర్పును పూర్తిగా ఇవ్వలేదు. ప్రయోగ క్షేత్రంలో మడులను ఏ దిశగా వేస్తే నేల సారంలోని హెచ్చుతగ్గులు ఫలితాన్ని తారుమారు చేయవో, వానలు మొహం చాటేసి సగం పైరు ఎండిన ఏడాది లెక్కలను పక్కన పెట్టాలో లేక వాటి నుంచే ఏదైనా గ్రహించాలో, పరిశోధన పత్రం తిరిగివచ్చినప్పుడు సమీక్షకుల ఆక్షేపణల్లో వేటిని ఒప్పుకొని వేటికి బదులు చెప్పాలో పాఠ్యపుస్తకాలు చెప్పవు. ఈ విద్య అనుభవజ్ఞులైన పెద్దల పక్కన ఏళ్ల తరబడి మెలగడం వల్ల అబ్బుతుంది. అటువంటి పెద్దను నేటి పరిభాషలో మెంటార్ అని, తెలుగులో మార్గదర్శి అని వ్యవహరిస్తున్నారు. జీతాన్నీ పదోన్నతినీ నిర్ణయించే పై అధికారికి గాని, సిద్ధాంత గ్రంథాన్ని ఆమోదించే పర్యవేక్షకుడికి గాని ఉండే అధికారం మార్గదర్శికి ఉండదు. యువ పరిశోధకుల ఎదుగుదల పట్ల శ్రద్ధ, ఆ దారిలో తాను ముందే నడిచిన అనుభవం మాత్రమే ఆ సంబంధానికి ఆధారం.

వ్యవసాయ శాస్త్రపు స్వభావమే ఈ అవసరాన్ని మరింత తీవ్రం చేసింది. ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రవేత్తలు ఒకే నగరంలో, ఒకే భవనంలో గుమికూడగలరు గాని, పైరును పరిశీలించేవారు పైరున్న చోటికి వెళ్లక తప్పదు. అందువల్లనే ఏ దేశంలోనైనా వ్యవసాయ పరిశోధన స్థానాలు నేలల తీరును బట్టి, వానల తీరును బట్టి దూరదూరంగా చెదిరి ఉంటాయి. ఆంధ్ర ప్రాంతంలో 1906లో నంద్యాలలో, 1913లో అనకాపల్లిలో, 1925లో మారుటేరులో ఏర్పడిన స్థానాలు వరుసగా నల్లరేగడి భూముల పైర్లకు, చెరకుకు, డెల్టా వరికి సంబంధించిన పనితో మొదలయ్యాయి. దేశంలో విస్తారంగా సాగైన స్వర్ణ వరి వంగడం రూపుదిద్దుకున్నది మారుటేరులోనే. ఇటువంటి స్థానంలో పంటకొక ప్రజనన శాస్త్రవేత్త, అంటే వేర్వేరు మొక్కలను సంకరపరచి కొత్త వంగడాలను రూపొందించే నిపుణుడు, ఆయనకు తోడు తెగుళ్లనో పురుగులనో చూసే మరొకరు ఉంటే అదే గొప్ప. ఆఫ్రికాలోని అనేక దేశాల్లో ఒక పంటకు సంబంధించిన శాస్త్రవేత్తలు దేశం మొత్తంలో వేళ్ల మీద లెక్కించదగినంత మందే ఉండేవారు. తన శాస్త్రంలో తనకు కలిగిన సందేహాన్ని అడగడానికి పక్కన మరొక మనిషి లేని ఒంటరితనం ఈ రంగంలో ఉద్యోగంతో పాటే వచ్చేది.

ఆ ఒంటరితనాన్ని తొలగించడానికి గడిచిన నూరేళ్లకు పైబడిన కాలంలో జరిగిన ప్రయత్నాలను పరిశీలిస్తే వాటిలో మూడు దశలు కనిపిస్తాయి. మొదటి దశలో యువ పరిశోధకులను గురువులున్న చోటికి పంపారు. రెండవ దశలో గురువుల చేతిలోని పత్రికలను పరిశోధకులున్న చోటికి చేర్చారు. మూడవ దశలో మనిషీ పుస్తకమూ కదలకుండా ప్రశ్న ఒక్కటే ఖండాలు దాటి వెళ్లి జవాబుతో తిరిగివచ్చే ఏర్పాటు చేశారు. అంతర్జాల మార్గదర్శకత్వం అనబడేది ఈ మూడవ దశ. ముందున్న రెండు దశలు వేసిన పునాది లేకుండా అది నిలబడేది కాదు.

మొదటి దశ ఆరంభమైన వలస పాలన కాలంలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు పైమెట్టు మీద, భారతీయ సహాయకులు కింది మెట్టు మీద ఉండేవారు. అమెరికన్ దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన 30,000 పౌండ్ల విరాళంతో లార్డ్ కర్జన్ హయాంలో 1905లో బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడింది. ఆల్బర్ట్ హోవర్డ్, ఆయన భార్య గాబ్రియెల్ హోవర్డ్ అక్కడ గోధుమపై చేసిన కృషి ప్రసిద్ధం. అటువంటి శాస్త్రవేత్తల వద్ద పనిచేసిన భారతీయ సహాయకులు క్షేత్ర పరిశీలనను, నమోదు పద్ధతులను దగ్గరుండి నేర్చుకున్నారు గాని, సొంత ప్రశ్నను ఎంచుకొని దాని వెంట వెళ్లే స్వేచ్ఛ వారిలో కొద్దిమందికే దక్కింది. తెలుగు జిల్లాల విద్యార్థులకు 1945లో బాపట్ల వ్యవసాయ కళాశాల ఏర్పడే వరకు మద్రాసు రాష్ట్రంలోని కోయంబత్తూరు కళాశాలే ప్రధాన గమ్యం. ట్రినిడాడ్‌లో 1922లో తరగతులు మొదలుపెట్టి తరువాత ఇంపీరియల్ కాలేజ్ ఆఫ్ ట్రాపికల్ అగ్రికల్చర్‌గా పేరుపొందిన విద్యాలయం వలస రాజ్యాల వ్యవసాయ శాఖలకు అధికారులను తయారుచేసింది. అయితే 1925 నుంచి అక్కడికి ఉపకార వేతనాలపై వచ్చినవారు ప్రధానంగా బ్రిటిష్ పట్టభద్రులు. ఆఫ్రికా నేలల గురించిన శిక్షణ ఆఫ్రికా యువకులను దాటి పోయింది. స్వాతంత్ర్యానంతరం ఆ దేశాలు ఎదుర్కొన్న శాస్త్రవేత్తల కొరతకు మూలం కొంతవరకు ఇక్కడే ఉంది.

మనిషిని గురువు వద్దకు పంపే పద్ధతికి కొత్త రూపం మెక్సికోలో వచ్చింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 1943లో మెక్సికో ప్రభుత్వంతో కలిసి వ్యవసాయ కార్యక్రమాన్ని ప్రారంభించి, జార్జ్ హారర్‌ను దానికి సారథిగా నియమించింది. మరుసటి ఏడాది నార్మన్ బోర్లాగ్ అందులో చేరారు. వీరిద్దరూ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోధుమ తుప్పు తెగులుపై జీవితకాలం కృషిచేసిన ఎల్విన్ స్టాక్‌మన్ శిష్యులు. గాలి ద్వారా వందల మైళ్లు వ్యాపించే శిలీంధ్రం వల్ల కలిగే ఈ తెగులును అర్థం చేసుకోవాలంటే దేశాల సరిహద్దులను మరచి చూడాలన్నది స్టాక్‌మన్ బోధన. మెక్సికోలో బోర్లాగ్ తన వద్ద చేరిన యువ మెక్సికన్లను సూర్యోదయంతోనే పొలంలోకి దింపి, సంకరణం మొదలు కోత వరకు ప్రతి పనీ చేతులతో చేయించారు. చదువుకున్నవాడు మట్టి ముట్టడం చిన్నతనమనే భావన బలంగా ఉన్న సమాజంలో అది సాంకేతిక శిక్షణను మించిన పాఠం. 1960ల ఆరంభంలో ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా, పాకిస్తాన్ దేశాల యువ శాస్త్రవేత్తలు అక్కడికి శిక్షణకు వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు తాము ఎంచుకొన్న పొట్టి గోధుమల విత్తనాలను వెంట తీసుకువెళ్లారు. తరువాతి దశాబ్దంలో ఆసియాలో గోధుమ దిగుబడులను మార్చివేసిన విత్తనం వెనుక ఇటువంటి గురుశిష్య పరంపర ఉంది.

ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో 1960లో ఏర్పడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, మెక్సికోలో 1966లో రూపుదిద్దుకున్న గోధుమ, మొక్కజొన్న సంస్థ, హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఈ పద్ధతినే సంస్థాగతం చేశాయి. ఇక్రిశాట్ అంటే అర్ధశుష్క మండలాల, అంటే వర్షాలు తక్కువగా, అదనుతప్పి కురిసే మెట్ట ప్రాంతాల పైర్ల కోసం నెలకొల్పిన అంతర్జాతీయ సంస్థ. దాని మొదటి సంచాలకుడు రాల్ఫ్ కమ్మింగ్స్ అంతకు ముందు 1958లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో స్నాతకోత్తర విద్యాలయానికి తొలి డీన్‌గా పనిచేసినవారు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద పనిచేసే ఆఫ్రికా యువ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పొలాల్లో తెలంగాణ మెట్ట రైతు ఎదుర్కొనే సమస్యలనే తమ దేశపు సమస్యలుగా గుర్తించారు. ఇదే కాలంలో అమెరికా విశ్వవిద్యాలయాలను భారతీయ రాష్ట్రాలతో జతపరిచిన ఒప్పందాల కింద ఆంధ్రప్రదేశ్‌కు కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం జోడుగా కుదిరింది. 1964 జూన్ 12న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కాన్సాస్ ఆచార్యులు వచ్చి పనిచేయగా, ఇక్కడి అధ్యాపకులు ఉన్నత విద్య కోసం అక్కడికి వెళ్లారు. ఈ విధంగా తెలుగు నేల ఒకే తరంలో శిష్యస్థానంలోనూ గురుస్థానంలోనూ నిలిచింది.

భారతదేశం తన యువ శాస్త్రవేత్తలకు తొలి అడుగులు నేర్పే బాధ్యతను 1970ల్లో స్వయంగా చేపట్టింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1975లో వ్యవసాయ పరిశోధన సేవ పేరుతో శాస్త్రవేత్తల అఖిల భారత సర్వీసును ఏర్పరచి, దానిలో చేరినవారికి పునాది శిక్షణ ఇవ్వడానికి 1976లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఒక విద్యాసంస్థను నెలకొల్పింది. నేడు నార్మ్ అనే పొట్టి పేరుతో పిలవబడే జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ అదే. దేశం నలుమూలల నుంచి వచ్చిన కొత్త శాస్త్రవేత్తలు అక్కడ కలిసి చదువుకొని, బృందాలుగా పల్లెల్లో కొద్ది వారాలు ఉండి, రైతు సమస్యను రైతు ఇంటి ముందే వినడం నేర్చుకొంటారు. ఈ శిక్షణలో పాఠాల విలువ ఎంతో, సహాధ్యాయుల పరిచయం విలువ అంతకు తక్కువేమీ కాదు. ఇరవై ఏళ్ల తరువాత మారుమూల పరిశోధన స్థానం నుంచి ఒక సందేహం వచ్చినప్పుడు ఫోను చేయడానికి ఒక పేరు ఉండటం అక్కడే మొదలవుతుంది.

మనిషి ప్రయాణం మీద ఆధారపడిన ఈ పద్ధతికి గట్టి ఫలితాలున్నట్లే గట్టి పరిమితులూ ఉన్నాయి. విదేశాలకు పంపే ఖర్చు వల్ల అవకాశం కొద్దిమందికే దక్కేది. చిన్న పిల్లలున్న స్త్రీలు నాలుగేళ్లు ఇల్లు విడిచి వెళ్లలేక వెనుకబడేవారు. వెళ్లినవారిలో కొందరు తిరిగి వచ్చేవారు కారు. తిరిగివచ్చినవారి కష్టం వేరు. చల్లని దేశపు ప్రయోగశాలలో అక్కడి మొక్క మీద సిద్ధాంత గ్రంథం రాసి వచ్చిన శాస్త్రవేత్తకు స్వదేశంలో ఆ పరికరాలు గాని, ఆ పత్రికలు గాని, సందేహం అడగడానికి ఆ గురువు గాని ఉండేవి కావు. ఈ లోపాన్ని గమనించి, 2002లో దక్షిణాఫ్రికాలోని క్వాజూలూ నటాల్‌లో ఆఫ్రికా పంటల అభివృద్ధి కేంద్రం, 2007లో ఘనాలోని లెగోన్‌లో పశ్చిమాఫ్రికా పంటల అభివృద్ధి కేంద్రం కొత్త పద్ధతిని అనుసరించాయి. విద్యార్థి తొలి దశలో విశ్వవిద్యాలయంలో చదువుకొని, ఆ తరువాతి ఏళ్లలో స్వదేశానికి వెళ్లి తన దేశపు పంట మీదనే పరిశోధన చేయాలి. పర్యవేక్షకులు ఆ పొలానికి వచ్చి చూడాలి. గురువు రాకపోకలకు మధ్య ఉండే నెలల్లో ఈ-మెయిళ్లు ఆ సంబంధాన్ని నిలిపాయి. దూర మార్గదర్శకత్వం ఒక పథకంగా పేరు తెచ్చుకోకముందే ఈ విధంగా అవసరం నుంచి పుట్టింది.

రెండవ దశకు కారణం గ్రంథాలయాల కరవు. 1980ల్లో అప్పుల భారం, కరెన్సీ విలువల పతనం వల్ల ఆఫ్రికా విశ్వవిద్యాలయాలు డాలర్లలో చందా కట్టవలసిన పరిశోధన పత్రికలను ఒక్కొక్కటిగా మానుకొన్నాయి. పత్రిక ఆగిపోయిన చోట పరిశోధకులకు తమ ప్రశ్నకు ఎక్కడైనా సమాధానం దొరికిందో లేదో తెలుసుకొనే దారి మూసుకుపోతుంది. పదేళ్ల క్రితం పరిష్కారమైన సమస్య మీద మళ్లీ పదేళ్లు గడిపే ప్రమాదం ఉంటుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలోని మాన్ గ్రంథాలయం రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో 1999లో టీల్ అనే పేరుతో వందకు పైగా వ్యవసాయ పత్రికల పూర్తి పాఠాలను సీడీలకు ఎక్కించి పేద దేశాలకు అందించింది. అంతర్జాల సదుపాయం లేని చోట ఒక కంప్యూటరు, ఒక పెట్టెడు సీడీలు గ్రంథాలయం పని చేశాయి. ఆహార వ్యవసాయ సంస్థ 2003 అక్టోబరులో ఆరంభించిన అగోరా కార్యక్రమం ప్రచురణకర్తలను ఒప్పించి, తక్కువ ఆదాయ దేశాల సంస్థలకు వందలాది పత్రికలను అంతర్జాలం ద్వారా ఉచితంగా గాని, నామమాత్రపు ధరకు గాని చూపించింది. భారతదేశం ఆ జాబితాలో చేరలేదు. ఇక్కడ వ్యవసాయ పరిశోధన మండలి సెరా అనే ఉమ్మడి ఏర్పాటును నెలకొల్పి, పత్రికలకు అందరి తరఫున ఒకేసారి చందా కట్టి 2008 నాటికి విశ్వవిద్యాలయాలకు, పరిశోధన సంస్థలకు వాటిని తెరిచింది.

పత్రిక చేరిన తరువాత మరొక లోటు బయటపడింది. చదవడానికి దారి తెరుచుకొన్న యువ పరిశోధకులు తామూ అదే పత్రికల్లో రాయాలని ప్రయత్నించి, తమ పత్రాలు సమీక్షకు కూడా నోచుకోకుండా తిరిగిరావడం చూశారు. అందుకు ఎక్కువ సందర్భాల్లో శాస్త్రలోపం కారణం కాదు. పత్రం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో మొదటే స్పష్టం చేయకపోవడం, పట్టికలో చూపినదాన్నే మళ్లీ వాక్యాల్లో రాయడం, తమ ఊరి ఫలితానికి వేరే దేశాల పాఠకులకు ఉన్న సంబంధాన్ని వివరించకపోవడం వంటివి కారణాలు. వీటిని దిద్దగలిగినవారు ఆ పరిశోధకుల చుట్టుపక్కల లేరు. స్టాక్‌హోంలో 1972లో ఏర్పడిన ఇంటర్నేషనల్ ఫౌండేషన్ ఫర్ సైన్స్ ఈ లోటును ముందే గుర్తించిన సంస్థల్లో ఒకటి. వర్ధమాన దేశాల యువ శాస్త్రవేత్తలకు వారి సొంత దేశంలోనే పరిశోధన చేయడానికి చిన్న మొత్తాల్లో నిధులిచ్చే ఈ సంస్థ, పంటలు, పశుపోషణ, అడవులు, చేపల పెంపకం వంటి విషయాలపై వచ్చిన దరఖాస్తులను వివిధ దేశాల నిపుణులకు పంపి, వారి సూచనలను దరఖాస్తుదారులకు చేరవేసేది. డబ్బు కంటే ఆ సూచనలే కొందరికి ఎక్కువ కాలం ఉపయోగపడి ఉంటాయని అనుకోవడం అతిశయోక్తి కాదు.

మూడవ దశ తలెత్తడానికి సాంకేతిక భూమిక 2000ల్లో సిద్ధమైంది. అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రాలు 1980ల నుంచే ఈ-మెయిల్ వాడుతున్నా, జాతీయ పరిశోధన స్థానాలకు అది చాలా ఆలస్యంగా చేరింది. తూర్పు ఆఫ్రికా దేశాలు ఖరీదైన ఉపగ్రహ సంబంధాల మీద ఆధారపడుతూ వచ్చి, 2009లో సముద్రగర్భపు కేబుళ్లు మొంబాసా తీరానికి చేరిన తరువాతనే చౌకైన అంతర్జాలాన్ని చూశాయి. ఆ మార్పుకు కొద్దిగా ముందు ఒక ఆలోచన మొలకెత్తింది. ఒక ప్రజారోగ్య పత్రికకు సంపాదకులైన ఫిలిస్ ఫ్రీమన్, ఆంథొనీ రాబిన్స్ సంపన్న, పేద దేశాల మధ్య ఉన్న ప్రచురణ అంతరాన్ని పూడ్చడానికి అనుభవజ్ఞులైన రచయితలు దూరం నుంచే కొత్తవారికి తోడ్పడాలని ప్రతిపాదించారు. 1992 నుంచి పేద దేశాలకు శాస్త్ర ప్రచురణలు అందేలా పనిచేస్తున్న ఇనాస్ప్ అనే బ్రిటిష్ సంస్థ 2007లో దానిని ఆథర్‌ఎయిడ్ అనే కార్యక్రమంగా అమలుపరిచింది. శాస్త్ర రచనను బోధించడంలో ప్రసిద్ధి పొందిన టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ ఆచార్యురాలు బార్బరా గాస్టెల్ దానికి తోడ్పడ్డారు. వ్యవసాయంతో పాటు వైద్య, పర్యావరణ, సామాజిక శాస్త్రాల పరిశోధకులకూ అది అందుబాటులో ఉంది.

ఆథర్‌ఎయిడ్ పద్ధతిలో ప్రశ్న అడిగేవారూ జవాబు చెప్పేవారూ తమ వివరాలను నమోదు చేసుకొని, తమ విషయానికి తగినవారిని తామే వెతుక్కొని, ఏ పనికి ఎంతకాలం సాయం కావాలో ముందే మాట్లాడుకొంటారు. ఒక పత్రపు చిత్తుప్రతిని దిద్దడం, నిధుల దరఖాస్తును మెరుగుపరచడం, సమీక్షకులకు రాసే జవాబును సరిచూడడం వంటి పరిమితమైన పనుల మీద ఆ సంబంధం నిలబడుతుంది. పని చిన్నదిగా, స్పష్టంగా ఉండటం ఇక్కడ కీలకం; జీవితకాలపు గురుత్వాన్ని ఎవరైనా తెలియని మనిషికి మాట ఇవ్వడానికి జంకుతారు గాని, నాలుగు వారాల్లో ఒక చిత్తుప్రతిని చదివి పెడతామనడానికి చాలామంది ముందుకు వస్తారు. ఈ-మెయిల్‌కు ఉన్న నిదానం కూడా మేలే చేసింది. గడియారాలు కలవని దేశాల మధ్య ఎవరి వీలును బట్టి వారు రాసుకోవచ్చు. విదేశీ భాషలో మాట తడుముకొనేవారు రాసేటప్పుడు తమ ప్రశ్నను నాలుగుసార్లు సరిచూసుకోవచ్చు. తిరిగివచ్చిన దిద్దుబాటు కళ్ల ముందు అక్షరంగా నిలిచి ఉంటుంది. 2015 నుంచి ఇదే సంస్థ పరిశోధన రచనపై ఉచిత ఆన్‌లైన్ కోర్సులను నడుపుతూ, బలహీనమైన అంతర్జాల సంబంధం ఉన్నవారికి అడ్డురాకుండా పాఠాలను ఎక్కువగా రాత రూపంలోనే ఉంచింది. ఒక కోర్సు ముగించినవారిలో కొందరు తరువాతి కోర్సుల్లో సహాయకులుగా చేరి, కొత్తవారి సందేహాలకు జవాబులు చెప్పే పద్ధతి అక్కడ స్థిరపడింది.

వ్యవసాయ రంగానికే ప్రత్యేకించిన మార్గదర్శకత్వానికి ఆఫ్రికాలో బలమైన ఉదాహరణ అవార్డ్ అనే ఫెలోషిప్ కార్యక్రమం. ఆఫ్రికా వ్యవసాయ పరిశోధకుల్లో నలుగురిలో ఒకరే స్త్రీ, నాయకత్వ స్థానాల్లో ఏడుగురిలో ఒకరే స్త్రీ అని తేలిన కాలంలో, పొలం పనుల్లో పెద్ద భాగాన్ని స్త్రీలు మోసే ఖండంలో ఆ పొలాల గురించి నిర్ణయించేవారిలో వారు లేకపోవడం అన్యాయమే కాక శాస్త్రానికి నష్టమని కూడా గుర్తించి, విక్కీ వైల్డ్ నాయకత్వంలో కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో చేసిన ప్రయోగాల ఆధారంగా 2008లో నైరోబీ కేంద్రంగా దీనిని ఆరంభించారు. రెండేళ్ల ఫెలోషిప్‌లో ప్రతి శాస్త్రవేత్తకు ఒక సీనియర్ మార్గదర్శిని జతపరుస్తారు; ఇద్దరూ కలిసి శిక్షణ పొంది, రాబోయే ఏళ్లలో ఆ శాస్త్రవేత్త ఎటు నడవదలచుకున్నారో రాతపూర్వకమైన ప్రణాళికగా వేసుకొని, నెలనెలా కలుసుకొంటూ దానిని సరిచూసుకొంటారు. ఈ పథకంలో గమనించదగిన నియమం మరొకటి ఉంది: ఫెలో అయిన స్త్రీ తన కంటే చిన్నదైన మరొక పరిశోధకురాలికి తాను మార్గదర్శి కావాలి. తీసుకున్నదానిని తిరిగి పంచే బాధ్యతను మంచితనానికి వదిలేయకుండా నియమంగా రాసిపెట్టడం ఈ కార్యక్రమపు విశిష్టత. అది ప్రధానంగా ముఖాముఖి పద్ధతిలో నడిచినా, తరువాత వచ్చిన ఆన్‌లైన్ పథకాలు నేర్చుకోదగిన పాఠాలు అందులోనే ఉన్నాయి.

యువ వ్యవసాయ నిపుణులు తమకు తాముగా 2006లో ఏర్పరచుకొన్న వైపార్డ్ అనే అంతర్జాతీయ వేదిక మార్గదర్శకత్వాన్ని తన ప్రధాన కార్యక్రమాల్లో ఒకటిగా చేసుకొంది. పెద్దలు పథకం వేసి చిన్నవారిని చేర్చుకోవడం పాత పద్ధతి. ఇక్కడ చిన్నవారే తమకేం కావాలో చెప్పి పెద్దలను పిలిచారు. 2020లో కోవిడ్ వల్ల ప్రయాణాలు నిలిచిపోయినప్పుడు, అప్పటివరకు ప్రత్యామ్నాయంగా భావించిన ఆన్‌లైన్ సమావేశమే చాలా సంస్థలకు ఏకైక మార్గమైంది. ముఖాలు చూసుకొంటూ మాట్లాడుకోవడం సులభమైన తరువాత ఈ-మెయిల్ ఒక్కటే ఉన్న కాలపు కొంత బిడియం తొలగింది. ఖరీదైన డేటా, కరెంటు కోతలు, బలహీనమైన సిగ్నల్ మాత్రం మారుమూల పరిశోధన స్థానాలను వెన్నాడుతూనే ఉన్నాయి.

ఈ మూడవ దశ తన వెంట కొన్ని ప్రమాదాలను కూడా తెచ్చింది. ప్రచురణల సంఖ్యతో పదోన్నతులు ముడిపడిన దేశాల్లో, డబ్బు తీసుకొని సమీక్ష లేకుండానే పత్రాలను అచ్చువేసే మోసపూరిత పత్రికలు అనుభవం లేని పరిశోధకులను లక్ష్యంగా చేసుకున్నాయి. పత్రికను ఎంచుకొనే ముందు పరీక్షించుకోవలసిన విషయాలను తెలియజేయడానికి 2015లో ఇనాస్ప్ సహా అనేక సంస్థలు కలిసి థింక్, చెక్, సబ్మిట్ అనే ప్రచారాన్ని చేపట్టాయి. పత్రం ఎక్కడికి పంపాలో అడగదగిన ఒక నమ్మకమైన మనిషి ఉన్న యువ పరిశోధకులు ఈ వలలో పడే అవకాశం తక్కువ. రచయితల పేర్ల సమస్య మరింత సున్నితమైనది. చిత్తుప్రతిని దిద్దినంత మాత్రాన మార్గదర్శి పేరు రచయితల వరుసలో చేరితే, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్లు అవుతుంది. కృతజ్ఞతల్లో పేర్కొనడంతో తృప్తిపడే మార్గదర్శులే ఈ వ్యవస్థను నిలబెట్టగలరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనే సామెత హెచ్చరించే తీరులో, సంపన్న దేశపు నిపుణులు పేద దేశపు పరిశోధకుల ప్రశ్నను తమ పత్రికల అభిరుచికి తగినట్లు మార్చివేసే ప్రమాదం కూడా ఉంది. స్థానిక రైతుకు కావలసిన చిరుధాన్యపు ప్రశ్న కంటే అంతర్జాతీయ సమీక్షకులను మెప్పించే ప్రశ్న ముఖ్యమైతే, పత్రం వెలువడుతుంది గాని పొలానికి మిగిలేదేమీ ఉండదు.

తెర మీదుగా దాటని విద్య కూడా ఒకటుంది. ఆకు మీది మచ్చను ఫోటో తీసి పంపవచ్చు గాని, పొద్దున్నే మంచు ఆరకముందు పైరులో నడిచి, తెగులు గట్టు పక్క నుంచి మొదలైందా నీరు నిలిచే పల్లం నుంచి మొదలైందా అని పసిగట్టే చూపును పంపడం సాధ్యం కాదు. బోర్లాగ్ మెక్సికో పొలాల్లో యువకుల చేత చేతులతో చేయించినది ఆ చూపు కోసమే. దూరపు కొండలు నునుపుగా కనిపించినట్లు, పొలాన్ని చూడని మార్గదర్శికి పట్టికలోని అంకెలు సాఫీగానే కనిపిస్తాయి. ఆ అంకె వెనుక కాలువ నీరు రాని వారం, పశువులు పడి మేసిన మూల మడి ఉన్నాయని తెలిసినది అక్కడున్న పరిశోధకులకే. అందువల్ల మంచి మార్గదర్శులు జవాబు చెప్పడానికి ముందు పొలం గురించి ఎన్నో ప్రశ్నలు అడుగుతారు, తమకు తెలియనిది స్థానికులైన పెద్ద శాస్త్రవేత్తలను, రైతులను అడిగి తెలుసుకొమ్మని పంపుతారు. రాయడం, చదవడం, వాదించడం, వృత్తిలో దారి ఎంచుకోవడం అనే విద్యలను దూరం నుంచి నేర్పవచ్చు. నేలను చదవడం మాత్రం ఆ నేల మీదనే నేర్చుకోవాలి.

ఈ చరిత్ర మొత్తం మీద నిలిచే సత్యం ఒకటుంది. స్టాక్‌మన్ నుంచి బోర్లాగ్‌కు, ఆయన నుంచి మెక్సికో పొలాల్లో శిక్షణ పొందిన యువకులకు సాగిన పరంపర అయినా, ఆఫ్రికాలో ఒక ఫెలో నుంచి మరొక పరిశోధకురాలికి అందే సాయమైనా, ఆన్‌లైన్ కోర్సులో నిన్నటి విద్యార్థి నేటి సహాయకుడు కావడమైనా, నేర్చుకొన్నవారు నేర్పేవారుగా మారిన చోటనే మార్గదర్శకత్వం వేళ్లూనింది. గురువు కోసం ఎల్లకాలం విదేశం వైపు చూడవలసి వస్తే ఆ ఏర్పాటు పాత వలస మెట్ల క్రమానికి కొత్త రూపం అవుతుంది. ఖండాలు దాటి వెళ్లిన ప్రశ్నకు జవాబు తెచ్చుకొన్న పరిశోధకులు, తమ స్థానంలో రేపు కొత్తగా చేరిన వ్యక్తి అదే ప్రశ్నతో గుమ్మం ముందు నిలిచినప్పుడు కుర్చీ చూపి కూర్చోబెట్టగలిగితే, ఆ ప్రశ్న ఇక అంత దూరం వెళ్లనక్కరలేదు. దూరం నుంచి చేసే ఈ సాయానికి సార్థకత దూరం తరిగిన కొద్దీ తెలుస్తుంది.